మంద జాతి కుక్కపిల్లను శరణాలయమునుండి తెచ్చుకొనుట
(గొఱ్ఱెలుగల సభ్యులకు పాఠము)

యాదగిరిగుట్ట చుట్టుపట్ల గ్రామములలో మేము సంఘ సభలకు పోయినపుడు, విత్తనములను గూర్చియు ఎరువులను గూర్చియు ప్రశ్నలు ముగిసిన పిమ్మట, గొఱ్ఱెలుగల సభ్యులలో నెవరో యొకరు కుక్క మాట తెచ్చుచున్నారు. "పట్నములో కుక్కపిల్లలను ఊరకనే యిచ్చుచున్నారట. మందను తోలెడి సీమజాతి పిల్లలు కూడ నందులో దొరకునట. తెచ్చుకొనవచ్చునా?" అని యడుగుచున్నారు. ఒక్కొక్క సభలో ఒక్కొక్క విధముగా చెప్పుటకంటె, అందఱికి నుపయోగపడునట్లు సమాధానమును ఈ పత్రికయందు వ్రాయుట మేలని తలంచితిమి.

మా సమాధానము క్లుప్తముగా నిది. తెచ్చుకొనవచ్చును, కాని దానికి ప్రతిదినము పని చూపగలిగినవారు మాత్రమే తెచ్చుకొనవలెను. మంద జాతి కుక్కకు పని యనునది కూటివలెనే యవసరము. యజమానుడు పని చూపనియెడల అది తన పనిని తానే వెదకుకొనును. అట్లు వెదకుకొను పని, తఱచుగా, పొరుగువాని గొఱ్ఱెలను తఱుముటయే.

ఇది చిన్న విషయము కాదు. 2017 జూన్ 20వ తేదీన ప్రారంభింపబడిన గొఱ్ఱెల పంపిణీ పథకమునందు గొఱ్ఱెల పెంపకందారుల సహకార సంఘ సభ్యునకు 20 గొఱ్ఱెలును 1 పొట్టేలును ఒక భాగముగా నిర్ణయింపబడెను. అంతటి మందయే జీవనాధారముగాగల కుటుంబమును తలంచుకొనుడు. చూలు గొఱ్ఱెలను కుక్క యొకటి తఱిమి, రెండింటికి గర్భస్రావమైనచో, ఆ యీతలో పదింట నొక వంతు పోయినట్లే. గొఱ్ఱె చూలు మోయు కాలము సుమారు 5 నెలలు. ఒక్క గడియలో జరిగిన నష్టము అర్ధసంవత్సరపు శ్రమను హరించును. కావున ఊరక దొరకు పిల్లయని తేలికగా తలంపక, ఈ క్రింది సంగతులను సభ్యులు సావధానముగా చదువవలెనని కోరుచున్నాము.

1. తోలు కుక్క వేఱు, కాచు కుక్క వేఱు

కాపరులకు సహాయపడు కుక్కలు లోకమున రెండు తెగలు. ఒకటి మందను తోలునది. రెండవది మందను కాచునది. ఈ రెంటి స్వభావములు పరస్పర విరుద్ధములు. ఈ భేదము నెఱుగకుండుటయే తర్వాతి కష్టములకు మూలము.

తోడేలు వేటాడునపుడు చేయు పనులు వరుసగా ఇవి: కనిపెట్టి చూచుట, పొంచి సమీపించుట, తఱుముట, పట్టి కఱచుట, చంపుట, తినుట. కుక్కకు తోడేలే పూర్వము. మనుష్యులు అనేక తరములుగా ఎంచి ఎంచి ఈనించి, తోలు కుక్కయందు మొదటి మూడు పనులను వృద్ధిచేసి కడపటి వానిని అణచిరి. అందుచేతనే అది కనుచూపుతోను నేలకు వంగిన నడకతోను గొఱ్ఱెలను బెదరించి, కాపరి కోరిన దిక్కునకు మలుపును. అణచిరేగాని కడపటి పనులను బొత్తిగా లేకుండ జేయలేదని సభ్యులు గుర్తుంచుకొనవలెను. శిక్షణ లేని తోలు కుక్క తఱుముటనుండి కఱచుటకు దిగుటకు ఎక్కువ కాలము పట్టదు.

తోలు కుక్కలలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఇంగ్లండు స్కాట్లండుల సరిహద్దున పుట్టిన బోర్డరు కోలీ. 1893వ సంవత్సరమున నార్తంబర్లండు ప్రాంతమున ఆడం టెల్ఫరు అను నాతని యొద్ద పుట్టిన "ఓల్డ్ హెంప్" అను పోతుకుక్క నేటి బోర్డరు కోలీలకు మూలపురుషుడుగా నెంచబడుచున్నది. మనవారు ఆల్సేషియను అనియు పోలీసు కుక్క యనియు పిలుచు జర్మను షెపర్డు కూడ మొదట మంద కుక్కయే. 1899వ సంవత్సరమున మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అను సైనికోద్యోగి జర్మనీ దేశపు కాపరుల కుక్కలనుండి ఆ జాతిని స్థిరపఱచెను.

కాచు కుక్క యట్లు కాదు. అది గొఱ్ఱెలను కన్నార్పక చూడదు, తఱుమదు. మంద నడుమనే పండుకొని, తోడేలుగాని చిఱుతగాని ఊరకుక్కల గుంపుగాని వచ్చినపుడు లేచి మొఱుగును, ఎదిరించును. హిమాలయ ప్రాంతమున గద్దీలును బకర్వాలులును పెంచు పెద్ద కుక్కలు ఈ తెగలోనివి. మన గొల్లలును కురుమలును మందను నోటి కేకతోను చేతి కఱ్ఱతోను నడిపింతురు. వారి వెంట కుక్క యుండిన నది కావలికే. కావున మన నల్ల గొఱ్ఱెలకు, అనగా గొంగళ్లకు ఉన్నినిచ్చు దక్కను జాతి గొఱ్ఱెలకు, కుక్క చేత తోలబడు నలవాటు లేదు. తోలు కుక్క నొక్కసారిగ వానిమీదికి విడిచినచో అవి గుమిగూడుటకు బదులు చెదరిపోవును. ఈ సంగతి తెలిసిన పిమ్మట, "నాకు కావలసినది తోలు కుక్కయా, కాచు కుక్కయా?" అని ప్రతి సభ్యుడును తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. మనలో ననేకులకు కావలసినది కాచు కుక్కయే యని మా యభిప్రాయము.

2. ఇట్టి పిల్లలు శరణాలయమునకు చేరుట యెట్లు?

పట్నవాసులు కొందఱు బొచ్చు అందమును చూచి కోలీ పిల్లలను, ధైర్యమును విని ఆల్సేషియను పిల్లలను వేలకొలది రూపాయలకు కొందురు. రెండు మూడు గదుల యిండ్లలో వానిని పెట్టుదురు. పిల్ల ఏడెనిమిది మాసములది యగుసరికి దాని జాతిబుద్ధి బయలుపడును. పరుగెత్తు పిల్లల మడమలను పట్టును, మోటారు సైకిళ్లవెంట పడును, పగలంతయు మొఱుగును. యజమానుడు విసిగి రోడ్డుమీద వదలివేయును, లేదా శరణాలయపు వాకిట కట్టిపోవును. దోషము పిల్లది కాదు. పొలములేని చోటికి పొలము కుక్కను తెచ్చిన వానిది.

పని పోయిన కుక్కకు నిలువ నీడ పోవుట మన తెలుగు సీమలోనే కన్నులార చూడవచ్చును. కొల్లేటి ప్రాంతమున జొనంగి యను నాటుజాతి కుక్క కలదు. దానికి పొట్టి వెండ్రుకలు, మొఱుగు తక్కువ. అచ్చటి బాతుల కాపరులు బాతుల మందలను త్రిప్పుటకు దాని నుపయోగించుచుండిరి. కొల్లేటి చుట్టును చేపల చెఱువులు పెరిగి బాతుల పెంపకము తగ్గిన పిమ్మట ఈ జాతియు అరుదైపోయినది.

వదలివేయబడిన జంతువులకు ఆశ్రయమిచ్చు సంస్థలు మన రాష్ట్రమున కలవు. శ్రీమతి అక్కినేని అమలగారు 1992వ సంవత్సరమున స్థాపించిన హైదరాబాదు బ్లూక్రాసు వానిలో పేరెన్నిక గన్నది. హైదరాబాదు మహానగర పాలక సంస్థవారు కూడ 2025 ఆగష్టు 17వ తేదీన జలగం వెంగళరావు ఉద్యానమునందు నాటుకుక్కల పిల్లలను పెంపునకిచ్చు మేళా జరిపిరి. యాదగిరిగుట్ట హైదరాబాదునకు రమారమి 60 కిలోమీటర్ల దూరముననే యుండుటచే మన సభ్యులకు ఇట్టి చోట్లకు పోయివచ్చుట కష్టము కాదు.

ఇచ్చట ఒక హెచ్చరిక. శరణాలయములలో నుండు పిల్లలలో నెక్కువ భాగము నాటువి, లేదా సంకరములు. నలుపు తెలుపు మచ్చలున్నంత మాత్రమున పిల్ల కోలీ కాదు. చెవులు నిక్కినంత మాత్రమున ఆల్సేషియను కాదు. పిల్ల యందు రంగును చూచి జాతిని నిర్ణయించుట, కంకి చూడక ఆకు రంగు చూచి జొన్న రకమును చెప్పుటవంటిది. నాటు పిల్లయని తెలిసినచో నిరాశపడ నక్కఱలేదు. అది మన యెండకు పుట్టినది. బాగుగ పెంచినచో కావలికి చక్కగా పనికివచ్చును.

3. తెచ్చుటకు ముందు

మొదట ఇంటిని పరీక్షించుకొనవలెను. దినమునకు రెండు పూటలు, పూట కొక గంటకు తక్కువ కాకుండ, దానిని నడిపించి నేర్పుటకు ఇంటిలో నొకరికి తీరిక యుండవలెను. ఆ మనుష్యుడెవరో ముందుగనే నిశ్చయింపవలెను. అందఱి పని యైనది ఎవరి పనియు కాదు. దొడ్డికి కంచెగాని గోడగాని యుండవలెను. కుక్క పది పండ్రెండు సంవత్సరములు, ఒకప్పుడు అంతకంటె నెక్కువ కాలము బ్రదుకును. మందను అమ్మి పట్నమునకు కూలికి పోవలసి వచ్చినచో కుక్క గతి యేమని కూడ ఆలోచింపవలెను. ఆకలిదప్పులకు గురియగునట్లు జంతువును అకారణముగా వదలివేయుట 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టముచే నేరమని సభ్యులు తెలిసికొందురు గాక.

పిమ్మట పిల్లను పరీక్షింపవలెను. 8 వారములు నిండని పిల్లను తల్లినుండి వేఱుచేయరాదు. తల్లియు తోడి పిల్లలును నేర్పు మర్యాదను, ముఖ్యముగా పంటి కాటు నదుపులో నుంచుకొనుటను, మనము నేర్పజాలము. కన్నులు తేటగా నుండవలెను. ముక్కునుండి చీమిడి కారరాదు. చిగుళ్లు గులాబి రంగుగ నుండవలెను. పాలిపోయియున్నచో నట్టలుగాని పిడుదులుగాని (గోమార్లు) రక్తమును పీల్చుచున్నవని యనుమానింపవలెను. నీళ్ల విరేచనములు, వాంతులు గల పిల్లయున్న గూటినుండి ఏ పిల్లను తేరాదు. పార్వో యను విరేచనముల రోగము మందలోని గాలికుంటువలె గూడెల్ల వ్యాపించి, పిల్లలను రెండు మూడు దినములలో చంపగలదు.

చేతులు చాచి పిలిచినపుడు దగ్గఱకు వచ్చు పిల్లను, పెద్ద చప్పుడైనపుడు ఉలికిపడి మఱల తేఱుకొను పిల్లను ఎంచుకొనుడు. మూలను నక్కి వణకునదియు, మిగిలిన పిల్లలన్నిటి మీద పడి కఱచునదియు మందకు పనికిరావు. శరణాలయమువారు వేసిన టీకాల కాగితమును తప్పక అడిగి తీసికొనవలెను. ఎదిగిన పిమ్మట సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయింపుమని వారు కోరుదురు. దాని కొప్పుకొనవలెను. ఊరిలో దిక్కులేని పిల్లలు పెరుగకుండుటకు అదియే మార్గము.

4. మొదటి మాసములు

ఆహారము: రెండు మూడు మాసముల పిల్లకు దినమునకు నాలుగు సారులు, ఆఱవ మాసము వఱకు మూడు సారులు, పిమ్మట రెండు సారులు పెట్టవలెను. జొన్న గట్కయు అన్నమును మాత్రమే పెట్టినచో ఎదుగు పిల్లకు చాలదు. ఉడికించిన గ్రుడ్డు, ఉడికించిన మాంసము, పెరుగు కలుపవలెను. పాలు కొన్ని పిల్లలకు విరేచనములు కలిగించును. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్టు కుక్కకు విషతుల్యములు. ఉడికిన ఎముకలు పెళుసై విఱిగి గొంతులోను పేగులలోను గ్రుచ్చుకొనును గనుక పెట్టరాదు.

టీకాలు: పార్వో, డిస్టెంపరు మొదలగు రోగములకు ఆఱు లేక ఎనిమిదవ వారమున మొదలుపెట్టి, 16 వారములు నిండువఱకు మూడు నాలుగు వారముల కొకసారి టీకా వేయించవలెను. వెఱ్ఱికుక్క రోగమునకు, అనగా రేబీసునకు, 3 మాసములు నిండగనే వేయించి, పశువైద్యుడు చెప్పిన ప్రకారము మఱల వేయించుచు నుండవలెను. టీకాలు పూర్తియగు వఱకు పిల్లను ఊరకుక్కలు తిరుగు చోటులకు కొనిపోరాదు.

మాటలు: "రా", "ఆగు", "పండు", "వదులు" అను నాలుగు మాటలు చాలును. ఇంటిలో నొకరు "రా" యనియు, వేఱొకరు "ఇటు పో" యనియు పిలిచినచో పిల్లకు బుద్ధి కుదురదు. అందఱును ఒకే మాట వాడవలెను. పిలువగా వచ్చినపుడు చిన్న తినుబండ మిచ్చి మెచ్చుకొనవలెను. వచ్చిన పిమ్మట కొట్టుట పరమ మూర్ఖత. అట్లు చేసినచో రేపు పిలిచిన రాదు. కొట్టుటచే భయము కలుగునేగాని జ్ఞానము కలుగదు. పగలంతయు గొలుసునకు కట్టియుంచిన కుక్క పిచ్చెత్తినట్లు మొఱుగుటయు కఱచుటయు నేర్చుకొనును.

బండ్ల వెంట పడుట: మన ప్రాంతమున నిది ప్రాణాంతకము. హైదరాబాదు వరంగల్లు రహదారి మన గ్రామముల ప్రక్కనే పోవుచున్నది. గుట్టకు వచ్చు యాత్రికుల బండ్లకు అంతములేదు. తోలు జాతి పిల్లకు కదలునదెల్ల గొఱ్ఱెగనే తోచును. మొదటిసారి బండివంక మెడ చాచి చూచినపుడే త్రాటితో నాపి, పేరు పెట్టి పిలిచి, మన వంకకు ముఖము త్రిప్పగనే మెచ్చుకొనవలెను. పరుగెత్తుట అలవాటైన పిమ్మట మాన్పుట మిక్కిలి కష్టము.

5. మందకు అలవాటు చేయుట

కాచు కుక్కగా పెంచదలచినచో, పిల్లను ఎనిమిదవ వారముననే గొఱ్ఱెల కొట్టములో నొక మూల దడి కట్టి యుంచవలెను. గొఱ్ఱెల వాసనయు అరుపును దానికి తల్లి యొడివలె కావలెను. పిల్లకు మూడవ వారమునుండి మూడున్నర మాసముల వఱకు గల కాలము చుట్టములను గుర్తించు కాలము. ఆ దినములలో ఎవరితో కలసి పెరుగునో వారినే తనవారని తలంచును. ఈ రహస్యము కాపరులకు పూర్వమునుండి తెలిసినదే. చార్లెసు డార్విను 1833వ సంవత్సరమున దక్షిణ అమెరికాలోని నేటి ఉరుగ్వే దేశమున సంచరించుచు, అచ్చటివారు చిన్న కుక్కపిల్లను తల్లినుండి తీసి, గొఱ్ఱె పాలు త్రాగించి, దొడ్డిలో ఉన్ని పఱచిన గూటిలో పెంచుటను చూచి వ్రాసెను. 1970 దశకమున అమెరికా దేశమున రేమండు, లోర్నా కోపింజరు దంపతులు ఈ పద్ధతిని శాస్త్రీయముగా పరీక్షించి, గొఱ్ఱెలతో కలసి పెరిగిన పిల్లయే మందను విడువక, మందను కఱవక, మందకై నిలుచునని తెలిపిరి. ఇట్టి పిల్లతో ఇంటి బిడ్డలు నిరంతరము ఆడుచుండినచో నది ఇంటి కుక్క యగును, మంద కుక్క కాదు. గొఱ్ఱెపిల్లలతో పరుగులాడి వాని చెవులను నమలుచుండినచో వెంటనే మాన్పింపవలెను. ఆటగా మొదలైనది అలవాటుగా మాఱును.

తోలు జాతి పిల్లయైనచో పద్ధతి వేఱు. దానిని ఒంటరిగా గొఱ్ఱెలతో నెన్నడును విడువరాదు. చూచుటకు మాత్రము త్రాటితో కొనిపోవుచు, వాని నడుమ నెమ్మదిగ పండుకొనుట నేర్పవలెను. ఎనిమిది పది మాసములు నిండి, "ఆగు" అనగనే ఎంత పరుగులోనైనను నిలుచునట్లయిన పిమ్మటనే పని మొదలుపెట్టవలెను. 10 మీటర్ల పొడవుగల త్రాటిని మెడపట్టీకి కట్టి, బెదరని ముదురు గొఱ్ఱెలను ఐదాఱింటిని మాత్రమే చిన్న ఆవరణలో నుంచి, పది నిమిషములకు మించకుండ నేర్పవలెను. చూలు గొఱ్ఱెలను, లేత పిల్లలు గల గొఱ్ఱెలను శిక్షణకు వాడరాదు. కుక్క గొఱ్ఱెను కఱచినచో ఆ దినము పని నిలిపివేయవలెను. ఈ ఓపిక లేనివారు తోలు జాతి పిల్లను తేకుండుటయే మంచిది.

6. ఎండ

కోలీకిని ఆల్సేషియనునకును రెండు పొరల బొచ్చు. అవి చలిదేశముల జంతువులు. చైత్ర వైశాఖములలో మన గుట్టలు పొయ్యి రాళ్లవలె కాలునపుడు, పొద్దెక్కిన పిమ్మట వానిచే పని చేయించుట చంపుటయే. తెల్లవారుజామునను సాయంకాలమునను మాత్రమే పని. మధ్యాహ్నము చెట్టు నీడ, తడి నేల, ఎడతెగని నీరు. బొచ్చును బొత్తిగా గొరిగించరాదు. ఆ బొచ్చే చర్మమునకు గొడుగు. దువ్వి రాలిన వెండ్రుకలను తీయుట చాలును. కుక్క విపరీతముగ రొప్పుచు, చిక్కని చొంగ కార్చుచు, చిగుళ్లు ఎఱ్ఱబాఱి తూలుచుండినచో అది వడదెబ్బ. వెంటనే నీడకు తెచ్చి, ఒడలెల్ల నీటితో తడిపి, విసరుచు, పశువైద్యశాలకు కొనిపోవలెను.

7. గొఱ్ఱెల మందు కుక్కకు పనికిరాదు

ఈ సంగతిని సభ్యులు ప్రత్యేకముగ గుర్తుంచుకొనవలెను. గొఱ్ఱెలకు నట్టలకును గజ్జికిని వాడు ఐవర్‌మెక్టిన్ మందు మన యిండ్లలో తఱచుగ నిలువయుండును. కుక్కకు పిడుదులు పట్టినవని చూచి, "అదే మందు కొంచెము వేసిన పోవును" అని కొందఱు తలంతురు. కోలీ తెగకు చెందిన కుక్కలలో ననేకమునకును, ఆల్సేషియనులలో కొన్నింటికిని పుట్టుకతోనే యొక లోపము కలదు. మెదడులోనికి మందును పోనీయక యడ్డు కావలి వానిలో పనిచేయదు. ఆ లోపమునకు కారణమును 2001వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు కనుగొనిరి. గొఱ్ఱెకు వేయు మోతాదు కిలో బరువునకు 200 మైక్రోగ్రాములు. ఆ లోపముగల కుక్కకు అందులో సగమే వణకును, తూలును, గ్రుడ్డితనమును, తుదకు మరణమును కలిగింపగలదు. శరణాలయపు పిల్ల ఏ జాతి సంకరమో చెప్పుట కష్టము గనుక, పశువైద్యుని యడుగక ఏ పిల్లకును ఈ మందు వేయరాదు. ప్రత్తి చేలకు కొట్టు మందుల డబ్బాలను, ఎలుకల మందును కుక్కకు అందనిచోట నుంచవలెను. తోడేళ్లకై విషపు మాంసము పెట్టుట కుక్కలకు మరణము. అంతేకాక 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నేరము.

8. కుక్కనుండి మందకును మనుష్యునకును

గొఱ్ఱెను కోసినపుడు తలకాయను, పేగులను, నీటిబుగ్గలు గల కార్జమును ఊపిరితిత్తులను కుక్కకు విసరుట మనలో వాడుక. ఈ వాడుకనుండియే రెండు రోగములు పుట్టుచున్నవి. మెదడులో నీటిబుగ్గ గల తలకాయను తిన్న కుక్క కడుపులో బద్దెపురుగు పెరుగును. దాని గ్రుడ్లు కుక్క మలముతో గడ్డిమీద పడును. ఆ గడ్డిని మేసిన గొఱ్ఱె మెదడులో మఱల బుగ్గ లేచి, గొఱ్ఱె ఒకే ప్రక్కకు గిరగిర తిరుగుచు చచ్చును. దానిని గ్రహచారమనియు గాలియనియు అనుకొనువారు కలరు. అది కుక్కకు విసరిన తలకాయ ఫలము. అట్లే కార్జమునందలి బుగ్గలను తిన్న కుక్కలో వేఱొక చిన్న బద్దెపురుగు పెరిగి, దాని గ్రుడ్లు చేతులద్వారా మనుష్యుని నోట చేరినచో, మనుష్యుని కార్జమునందును ఊపిరితిత్తులయందును కొబ్బరికాయంత బుగ్గలు లేవవచ్చును.

ఐస్‌లాండు అను గొఱ్ఱెల ద్వీపమున ఒకప్పుడు ఈ రోగము ఇంటింటను ఉండెను. 1863వ సంవత్సరమున హెరాల్డు క్రాబ్ అను డేనిషు పండితుడు అచ్చటికి పోయి, 100 కుక్కలను కోసి చూడగా 28 కుక్కలలో నీ పురుగు కనబడెను. మఱుసటి సంవత్సరము చిన్న పుస్తకమొకటి అచ్చువేసి కాపరుల యిండ్లకు ఉచితముగ పంచిరి. అందులోని బోధ రెండు మూడు మాటలే: పచ్చి పేగులను బుగ్గలను కుక్కకు వేయకుడు, పూడ్చుడు లేక కాల్చుడు; కుక్కలకు నట్టల మందు వేయుడు; కుక్కను ముట్టిన చేతులు కడుగుకొనుడు. చట్టములును చదువును తోడై, కాలక్రమమున ఆ ద్వీపమునుండి ఈ రోగము తొలగిపోయినది. వారు చేసినది మనము చేయలేనిదేమియు కాదు. ఈ బద్దెపురుగులకు ప్రాజిక్వాంటెల్ అను మందు కలదు. మంద కుక్కకు ఆఱు వారముల కొకసారి పశువైద్యుని సలహాపై వేయవలెను.

రేబీసు సంగతి అందఱును ఎఱిగినదే. మనుష్యులకు వచ్చు ఈ రోగములో నూటికి 99 పాళ్లు కుక్కకాటు వలననే. లక్షణములు కనబడిన పిమ్మట బ్రదుకుట యనునది దాదాపు లేదు. కాని కఱచిన వెంటనే తగిన చికిత్స చేసినచో నివారింపవచ్చును. గాయమును వెంటనే సబ్బుతో, పాఱు నీటిలో 15 నిమిషములు కడుగవలెను. పసుపు, కారము, ఆకు పసరు, సున్నము పూయరాదు. అదే దినమున ప్రభుత్వ ఆసుపత్రికి పోయి, వైద్యుడు చెప్పిన దినములన్నిటను టీకా వేయించుకొనవలెను. చర్మమునందు వేయు పద్ధతిలో 0, 3, 7, 28 దినములు. కండలో వేయు పద్ధతిలో 0, 3, 7, 14, 28 దినములు. రక్తము వచ్చిన గాయములకు గాయము చుట్టును వేయు వేఱొక మందు, ఇమ్యునోగ్లోబులిన్, కూడ అవసరము. రెండు సూదులు కాగానే నొప్పి తగ్గినదని మానుకొనువారు ప్రాణముతో జూదమాడుచున్నారు. మన కుక్కకు టీకా వేసియున్నను, మన యింటి పిల్లవానినే కఱచినను, ఆసుపత్రికి పోవుట మానరాదు.

9. సంఘము చేయదగిన పని

ఒక్కొక్క సభ్యుడు విడిగ చేయలేనిది సంఘము సులభముగ చేయగలదు. జూలై 6వ తేదీన, అనగా 1885లో పాశ్చరు పండితుడు జోసెఫ్ మైస్టరు అను బాలునికి మొదట రేబీసు టీకా వేసిన దినమున, పశువైద్యశాఖవారు కుక్కలకు ఉచితముగ టీకాలు వేయు వాడుక కలదు. ఆ దినమునకు ముందే సంఘ కార్యదర్శి ఊరిలోని కుక్కల జాబితా వ్రాసికొని, పశువైద్యునితో మాటలాడి, అన్నిటిని ఒకేచోటికి రప్పింపవచ్చును. మంద కుక్కలకు కావలసిన నట్టల మందును సంఘమే యొక్కమొత్తముగ కొని పంచవచ్చును. గొఱ్ఱెలను కోయుచోట లోతైన గుంత త్రవ్వించి, తలకాయలును పేగులును దానిలో పూడ్చునట్లు తీర్మానము చేయవచ్చును. ఎవరైన పిల్లను తేదలచినచో సభలో ముందుగ తెలిపి, అది పొరుగు మందకు నష్టము కలిగించినచో తాను బాధ్యుడనని యొప్పుకొను నియమము పెట్టుకొన్న ఇంకను మేలు. కుక్క యొకరిదే యైనను అది తిరుగు బీడు అందఱిదికదా.

వచ్చు మాసపు సభలో చర్చించుటకు ప్రశ్నలు

1. తోలు కుక్కకును కాచు కుక్కకును గల భేద మేమి? మీ మందకు ఏది తగును? ఏల?
2. పిల్లను 8 వారములకు ముందు తల్లినుండి ఏల వేఱుచేయరాదు?
3. గొఱ్ఱెలకు వాడు ఐవర్‌మెక్టిన్‌ను పశువైద్యుని యడుగక కుక్కకు ఏల వేయరాదు?
4. గొఱ్ఱె గిరగిర తిరుగు రోగమునకును కుక్కకు విసరిన తలకాయకును గల సంబంధమును చెప్పుడు.
5. కుక్క కఱచిన మొదటి గడియలో చేయవలసిన పనులను వరుసగ చెప్పుడు.
6. మన గ్రామమున టీకా లేని కుక్కలు ఎన్ని? వానికి టీకా వేయించు భారమును ఎవరు వహింతురు?

ఆఱవ ప్రశ్నకు సమాధానము మాత్రము నోటితో చెప్పుట చాలదు. పేర్లతో వ్రాసి కార్యదర్శి పుస్తకమున చేర్చవలెనని కోరుచున్నాము.